వైరం వలపుగా మారే వేళ

శత్రువులుగా మొదలై ప్రేమికులుగా ముగిసే కథలకు ఇంగ్లీషు నవలా ప్రపంచంలో నేడు గిరాకీ ఎక్కువగా ఉన్నది. పూర్వం పాఠకుడు చదివి తెలుసుకొనవలసిన ఈ మలుపును ఇప్పుడు ప్రకటనలోనే చెప్పి పుస్తకం అమ్ముతున్నారు. రెబెకా యారోస్ 2023లో వెలువరించిన ‘ఫోర్త్ వింగ్’లో నాయకుని తండ్రిని చంపించినది నాయిక తల్లియే. ఇటువంటి నవలలకు టిక్‌టాక్‌లో విశేష ప్రచారం లభించినది. మన దేశంలో 2020లో అది నిషిద్ధమైనా, ఆ అభిరుచి ఇన్‌స్టాగ్రామ్ త్రోవను మన విద్యార్థులకూ చేరినది. వీటిని వైరప్రణయాలు అందాము.

ప్రణయకలహం మనకు కొత్త కాదు. నంది తిమ్మన ‘పారిజాతాపహరణం’లో సత్యభామ కృష్ణుని శిరస్సునే కాలితో త్రోసినది. కాని అక్కడ ప్రేమ ముందు, కలహం తరువాత. వైరప్రణయంలో ఈ క్రమం తలక్రిందులు. ద్వేషించిన మనిషిని ప్రేమించాలంటే ఆ ద్వేషానికి కారణమైనదేదో తొలగిపోవలె. అది ఎలా తొలగినదో చూపడంలోనే రచయిత శక్తి, వివేకం తెలుస్తాయి.

ఈ కోవకు పెద్దదిక్కు 1813లో వెలువడిన జేన్ ఆస్టిన్ నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’. డార్సీ ఎలిజబెత్‌ను పెండ్లాడతానంటూనే ఆమె కుటుంబం తక్కువదని ఏకరువు పెడతాడు. ఆమె కాదనదన్న ధీమా అతనిది. ఆమె కాదంటుంది, తన అక్క జేన్ సుఖాన్ని చెరిచినవాడవని, వికమ్‌కు అన్యాయం చేసినవాడవని ముఖంమీదనే నిందిస్తుంది. అప్పుడు డార్సీ ఏమి చేశాడు? మరునాడు ఒక ఉత్తరం చేతికిచ్చి వెళ్ళిపోయాడు. ఆ ఉత్తరంలో సంజాయిషీ ఉన్నది గాని పెండ్లి ప్రస్తావన మళ్ళీ లేదు. వెంటాడలేదు, పగ పట్టలేదు. తరువాత లిడియా వ్యవహారంలో ఆ కుటుంబం పరువు నిలబెట్టి, ఆ సంగతి ఎలిజబెత్‌కు తెలియరాదని కోరాడు. రెండవసారి అడిగినప్పుడు కూడా, మీ మనస్సు మారలేదని ఒక్క మాట అంటే ఇక ఈ ప్రసక్తి తేనన్నాడు. మొదటిసారి ధీమా ఉన్నచోట రెండవసారి సందేహం ఉన్నది. అతని మార్పుకు ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

ఈ కాలపు రచయితలందరూ ఇది మరచిపోయారనడం అన్యాయం. శాలీ థోర్న్ 2016 నాటి ‘ద హేటింగ్ గేమ్’లో ఒకే గదిలో పనిచేస్తూ, ఒకే పదవికి పోటీపడే ఇద్దరున్నారు. చివరకు నాయకుడు వేరొక సంస్థలో ఉద్యోగం చూసుకొంటాడు. గెలుపు ఓటములు ప్రేమకు ధర కారాదని అతనికి తోచినది.

నన్ను కలవరపెట్టేది మరొక శాఖ. నాయికను బంధించినవాడు, పదిమందిలో అవమానించినవాడు అదే కారణంగా ఆరాధ్యుడైపోయే నవలలు కొన్ని ఉన్నవి. ఇది కల్పన అని తెలిసే చదువుతున్నామని వయసువచ్చిన పాఠకురాళ్ళు అంటారు. ఆ మాట నిజమే; వారి చేతిలోని పుస్తకం లాగుకొనే హక్కు ఎవరికీ లేదు. కాని తొమ్మిదవ తరగతి బాలిక సంగతి వేరు. ఫలానావాడు ఏడిపిస్తున్నాడని ఆమె వచ్చి చెప్పుకొంటే, “నువ్వంటే ఇష్టం కాబోలులే” అని పెద్దలే నవ్వేయడం మన బడులలో లేకపోలేదు. కాదన్న నాయిక వెంట మూడు పాటల పొడుగునా తిరిగే కథానాయకుణ్ణి మన చలనచిత్రాలు ఏనాడో చూపినవి. అటువంటి బాలికకు ఈ నవలలు కొత్తగా నేర్పేదేమీ లేదు. విన్న మాటకే అచ్చులో సాక్ష్యం పలుకుతవి.

ఆస్టిన్ నవల అంతా తరగతిలో చదివించే తీరిక ఉపాధ్యాయులకు ఉండదు. ఒక్క అధ్యాయానికే వ్యవధి ఉంటే, కలహమున్న 34వది కాక, 36వది చదివించమంటాను. అందులో వాగ్వాదం లేదు, నాయకుడు లేడు. ఒక యువతి చేత ఉత్తరం పట్టుకొని, రెండు గంటలు ఒంటరిగా బాటవెంట తిరుగుతూ, ఎదుటివాని తప్పులలో ఏది నిజం, ఏది తన అపోహ అని వేరుచేసుకొంటుంది. వికమ్ తీయగా మాట్లాడినందున నమ్మాననీ, డార్సీ చిన్నచూపు చూచినందున నమ్మలేదనీ గ్రహించి సిగ్గుపడుతుంది. అయినా ప్రేమ ఇంకా పుట్టలేదు. తరువాతి అధ్యాయంలో డార్సీపై ఆమెకు గౌరవం కలిగినదని చెప్పిన ఆస్టిన్, అతనిని కాదన్నందుకు ఆమె క్షణమైనా విచారించలేదని కూడా చెప్పినది.