అక్కడ కడబంతి ఉండదు

‘వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఒకటే’ అని సామెత. ఈ సామెతతో పనిలేని భోజనశాల ఒకటుంది... గురుద్వారాలోని లంగర్!

ఎవరైనా వెళ్లొచ్చు. పిలుపు అక్కర్లేదు, మతం అడగరు. బాసరకు ఎగువన, అదే గోదావరి ఒడ్డున ఉన్న నాందేడ్ హుజూర్ సాహిబ్ సిక్కుల ఐదు తఖ్తుల్లో ఒకటి. పదో గురువు గోవింద్ సింగ్ 1708లో తనువు చాలించింది నాందేడ్‌లోనే. తన తర్వాత గ్రంథమే గురువని చెప్పింది కూడా అక్కడే. బాసర వెళ్లే కుటుంబాలు మరో పూట కలుపుకుంటే చాలు, చూసి రావచ్చు. అంతదూరం ఎందుకనుకుంటే హైదరాబాద్ అమీర్‌పేటలోనూ గురుద్వారా ఉంది.

లోపల కొలువైన గురుగ్రంథ్ సాహిబ్‌ను సిక్కులు సాక్షాత్తూ గురువుగానే భావిస్తారు. ఈ ఒక్కటి గుర్తుంచుకుంటే మర్యాదలన్నీ వాటంతటవే తెలుస్తాయి. చెప్పులు విడిచి, కాళ్లూ చేతులూ కడుక్కోవాలి. ఆడా మగా తలమీద వస్త్రం కప్పుకోవాలి. సిగరెట్లు, గుట్కాలు జేబులో కూడా ఉండకూడదు. గ్రంథం వైపు కాళ్లు చాపకూడదు. గోధుమపిండి, నెయ్యి, చక్కెరతో చేసిన కడా ప్రసాదాన్ని దోసిలి పట్టి తీసుకోవాలి.

అసలు పరీక్ష లంగర్‌లో! గురునానక్ ప్రారంభించిన ఈ సంప్రదాయానికి మూడో గురువు అమర్‌దాస్ ఒక నియమం పెట్టారు. ముందు పంగత్‌లో కూర్చుని తినాలి, ఆ తర్వాతే గురుదర్శనం. అక్బర్ చక్రవర్తి కూడా అలాగే నేలమీద కూర్చుని తిన్నాడని సిక్కులు చెప్పుకుంటారు. పంగత్ అంటే మరేమిటో కాదు, మన పంక్తే.

రొట్టె కావాలంటే రెండు చేతులూ చాచాలి. పదిమందికి పెట్టడమే తప్ప చేయి చాచడం తెలియనివారికి ఇది కష్టమే. కానీ పక్కనున్న కూలీ, ఎదుటనున్న అధికారి చాచేదీ అలాగే. పప్పు, రొట్టె అడిగినంత పెడతారు. పళ్లెంలో మాత్రం వదిలేయకూడదు. డబ్బు అడగరు. రుణం తీర్చుకోవాలనిపిస్తే పళ్లేలు కడిగే చోటికి వెళ్లి చేయి కలపండి. పిల్లలనూ తీసుకెళ్లండి.

ఇంటికొచ్చాక, ‘మన పెళ్లిళ్లలో వీఐపీలకు వేరే బల్లలెందుకు?’ అని వాళ్లు అడిగినా అడుగుతారు. జవాబు మీరే చూసుకోవాలి!