పేరొకరిది, రబ్బరొకరిది



మొన్న చిత్తూరులో మా పొరుగింటి పిన్నిగారు ఒక చిన్న పొట్లము చేతబట్టుకొని మా యింటికి వచ్చిరి. కుక్కరు గాస్కెట్టు సాగి ఆవిరి నిలువకుండుటచే బజారులో క్రొత్తది కొనిరట. పొట్లముపై పేరుమోసిన కంపెనీ నామము పెద్దయక్షరములతో నున్నది. "దీనికి సరిపడునది" అను ఆంగ్లపు మాట మాత్రము చీమతలకాయలంత. "ఇది అసలైనదా? ఇట్లమ్ముట నేరము కాదా?" యని వారు ప్రశ్నించిరి.

ఒకరి వస్తువునకు సరిపడు భాగమును మఱియొకరు చేసి యమ్ముట స్వతః తప్పు గాదు. ఆ భాగమునకు పేటెంటుగాని డిజైను హక్కుగాని యున్నచో నది వేఱుమాట. 1999వ సంవత్సరపు ట్రేడుమార్కుల చట్టము 30వ సెక్షను ప్రకారము, తన సరుకు దేనికి సరిపడునో తెలుపుటకు అవసరమైనంతవఱకు వర్తకుడు పరుల పేరు వాడవచ్చును. కాని వారితో తనకు సంబంధమున్నట్లు భ్రమ గొలుపరాదు.

ఆ యవసర మెంతవఱకనునది గాస్కెట్ల విషయముననే ఢిల్లీ హైకోర్టులో విచారణకు వచ్చినది. మురుగన్ ఎంటర్‌ప్రైజెస్ వారిపై హాకిన్స్ కుక్కర్ల కంపెనీ వేసిన దావాను మొదట ఏకన్యాయమూర్తి కొట్టివేసిరి. 2012 ఏప్రిలులో ధర్మాసనము ఆ తీర్పును త్రిప్పివేసెను. ఆ గాస్కెట్లు ఇతర కుక్కర్లకును సరిపడునవే. అట్లయిన హాకిన్స్ పేరే చెప్పనేల? అదియు తక్కిన మాటలకంటె ప్రస్ఫుటముగా నచ్చొత్తనేల? అని వారి తర్కము. గాస్కెట్టు చేయుట గాదు, పేరు నట్లు వాడుటయే తప్పైనది.

మన లడ్డునే చూడుడు. సెనగపిండి, చక్కెర, నెయ్యి గలిపి లడ్డు ఎవరైనను చేయవచ్చును, అమ్మవచ్చును. కాని "తిరుపతి లడ్డు" అను పేరునకు 2009లో భౌగోళిక సూచిక రక్షణ లభించినది. చట్టము వేఱైనను నీతి యొక్కటే: వంటకము అందఱిది, పేరు అందఱిది గాదు.

కావున కొనునపుడు పెద్దయక్షరములను గాక చిన్నయక్షరములను చదువుడు. తయారుచేసినవారి పేరు, చిరునామా, ధర పొట్లముపై నుండవలెను. పరులు చేసినదైనను నాణ్యమైనదై చౌకగా దొరకినచో కొనుటలో దోషము లేదు. అయినను కుక్కరు ఆవిరి బలముతో పనిచేయునది; సేఫ్టీ వాల్వు విషయమున పైసలకు జూచి ప్రాణము మీదికి దెచ్చుకొనరాదు. రసీదు తప్పక యడుగుడు. లేని యనుమతి యున్నట్లు చెప్పి యమ్ముట 2019వ సంవత్సరపు వినియోగదారుల చట్టము క్రింద అక్రమ వర్తకమే. 1915 అను సంఖ్యకు ఫోనుచేసి ఫిర్యాదు చేయవచ్చును.

పిన్నిగారి పొట్లమును త్రిప్పి చూచితిమి. చేసినవారి పేరే లేదు. పుచ్చుకొన్నది మాత్రము అసలుదాని ధర! ఆమె రసీదు కొంగున ముడివైచుకొని తిన్నగా అంగడికి నడచిరి. సాయంకాలమునకు సొమ్ము తిరిగివచ్చినది.