మైకులు పెరిగినవి, మాట వినబడుటలేదు

గత వార్షికోత్సవమునాడు మా కళాశాల వేదికపై ఆరు మైకులు బారులు తీరినవి. అధ్యక్షులకొకటి, వక్తకొకటి, ఉర్దూ ప్రసంగమును తెలుగు చేయువారికొకటి, పాటగాండ్రకు మూడు. ఆవరణలోని వేపచెట్లకు నాలుగు హారన్లు కట్టినారు. ఈ సరంజామా చూచి, ఈసారైనా మాట చివరి వరుసకు చేరునని మేము సంతోషించినాము. విశ్రాంత ఉర్దూ అధ్యాపకులొకరు గజల్ చదువుటకు లేచినారు. మొదటి షేర్ పూర్తికాకమునుపే మైకు కూత పెట్టినది. మైకుసెట్టు కుర్రవాడు పరుగున వచ్చి శబ్దము తగ్గించినాడు. తగ్గించగానే వెనుకనుండి కేకలు, పెంచగానే మరల కూత. ఆ పెద్దలు మూడు షేర్లతో ముగించి, కాగితము మడిచి జేబులో పెట్టుకొని కూర్చున్నారు. అవనిగడ్డ, చల్లపల్లి ప్రాంతములనుండి బస్సులెక్కి వచ్చి, పరదా వెనుక కూర్చున్న మా తల్లులకు ఉర్దూ గాని తెలుగు గాని ఒక్క ముక్క అందలేదు.

కుర్రవానిని నిందించి ప్రయోజనము లేదు. మైకులు ఎక్కువైనకొలది మాట బాగుగా వినబడునను మన నమ్మకమే తప్పు. హారనునుండి వెలువడిన ధ్వని తిరిగి మైకులో దూరి, పెరిగి, మరల హారనులోనికి పోవుచు సుడి తిరుగుటయే కూత. తెరచియున్న ప్రతి మైకూ ఆ సుడికొక వాకిలి. తెరచిన మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారి, కూత పుట్టకుండ పెంచగల శబ్దములో సుమారు 3 డెసిబెళ్లు కోల్పోవుదుమని ధ్వనిశాస్త్రపు లెక్క. అనువాదకుని వంతు రానప్పుడు అతని మైకు మూయవలెనని ఆనాడు ఎవరికీ తోచలేదు.

కూత లేకున్నను మరియొక చిక్కు కలదు. ఒకే గొంతును రెండు మైకులు పట్టినపుడు, ఒకదానికంటె మరొకటి నోటికి 17 సెంటీమీటర్లు, అనగా జానకు కొంచెము తక్కువ, ఎడముగా ఉన్నదనుకొందము. రెండవదానికి ధ్వని సెకనులో రెండువేలవ వంతు ఆలస్యముగా చేరును. ఆ రెండును కలిసినపుడు సెకనుకు వేయి కంపనములు గల స్వరము క్షీణించును. మూడువేలది, అయిదువేలది కూడ క్షీణించును. హల్లుల స్పష్టత ఎక్కువగా ఆ ప్రాంతముననే ఉండును. అందుకే గొంతు డొల్లగా, బావిలోనుండి వచ్చినట్లుండును. నోటికి మైకుకు ఎంత దూరమో, మైకుకు మైకుకు నడుమ కనీసము అంతకు మూడు రెట్ల దూరముండవలెనని ఈ పనివారు పాటించు సూత్రము. మన వేదికపై పూలగుత్తులకు ఇచ్చినంత ఎడము కూడ మైకులకు ఇచ్చుటలేదు.

ఇక హారన్ల సంగతి. మన వాతావరణములో ధ్వని సెకనుకు సుమారు 350 మీటర్లు పోవును. దగ్గరి హారను ధ్వనికిని దూరపు హారను ధ్వనికిని ప్రయాణములో 12 మీటర్ల లోపు తేడా ఉన్నచో చెవి ఆ రెంటిని ఒకటిగానే గ్రహించునని, 1949లో జర్మనీకి చెందిన హెల్ముట్ హాస్ జరిపిన పరిశోధనను అనుసరించి చెప్పవచ్చును. ఆ తేడా 70 మీటర్లయినచో ఆలస్యము సెకనులో అయిదవ వంతు. మనము మాటలాడునపుడు ఒక్కొక్క అక్షరమునకు పట్టు కాలము దాదాపు అంతే. ఒక అక్షరము వచ్చి తరువాతి అక్షరముపై కూర్చుండును.

ఇది సభామర్యాదకు సంబంధించిన చిన్న విషయమని కమిటీ పెద్దలు తలంపవచ్చును. మేమట్లు తలంపలేము. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచి వేలాది ప్రాణములను బలిగొన్నది. హెచ్చరిక సకాలములో అందలేదను బాధ ఇప్పటికీ మా ఇండ్లలోని పెద్దల నోట వినుచున్నాము. నేడు సెల్‌ఫోనులకు సందేశములు వచ్చుచున్నను, తుఫాను దినములలో ఆటోపై మైకు కట్టి వీధులలో చాటింపు వేయుట మానలేదు. తెలుగులో వ్యతిరేకార్థము మాట చివర దాగియుండును. 'వేటకు వెళ్లవచ్చు', 'వేటకు వెళ్లవద్దు' అను రెంటికిని తేడా ఒక్క హల్లు. గాలిహోరులో, గుడి హారను, చర్చి హారను, మసీదు హారను మ్రోగుచుండగా గిలకలదిండిలోనో నాగాయలంకలోనో ఆ ఒక్క హల్లు చెరిగినచో ఏమగునో చెప్పనక్కరలేదు.

మన మసీదుల సంగతి మనమే ముందుగా చెప్పుకొనుట మర్యాద. బందరులో అయిదారు మసీదులు దగ్గరగా ఉన్న పేటలో, ఒక అజాన్ ముగియకమునుపే రెండవది, దానిపై మూడవది మొదలగును. పదములు అవే, క్షణముల తేడా. ఏ ఒక్కటియు పూర్తిగా చెవిని బడదు. హజ్రత్ బిలాల్ మదీనాలో ఇంటికప్పునెక్కి కంఠముతోనే పిలిచినారు. మైకు వలదని మేమనుటలేదు. పేటకొక్క అజాన్ చాలదా అని అడుగుచున్నాము. కార్తిక పౌర్ణమికి చిలకలపూడి పాండురంగని ఉత్సవములో త్రోవపొడవునా కట్టు హారన్లకు, గుడివాడ బజారులో ఎదురెదురు బట్టల కొట్లు పోటీపడి మ్రోగించు ప్రకటనలకు ఇదే ప్రశ్న వర్తించును.

చట్టము లేకపోలేదు. 2000వ సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు ఆరుబయట లౌడ్‌స్పీకరు వాడరాదు. పండుగల సడలింపు ఏడాదికి 15 దినములకు మించదు, అదియు అర్ధరాత్రివరకే. ఇరుగుపొరుగు శాంతిని చెరచి ప్రార్థన చేయుమని ఏ మతమును చెప్పదని, మద్రాసులోని ఒక చర్చి వ్యాజ్యములో అదే ఏడాది ఆగస్టు 30న సుప్రీంకోర్టు పలికినది. అయితే చట్టము శబ్దమును కొలుచును గాని స్పష్టతను కొలవదు. అది మన బాధ్యత.

కమిటీవారిని మేము కోరునది క్రొత్త మైకులు కాదు. ఉన్నవాటిలో రెండే వేదికపై ఉంచి, మాటలాడువానిదే తెరచి, రెండవది మూయించండి. చెట్లపై హారన్లు దించి వేదిక చెంత నిలువు పెట్టెలు పెట్టించండి. వెనుకకు కూడ అవసరమైనచో, ధ్వనిని తగినంత ఆలస్యముచేసి పంపు సౌకర్యము నేటి డిజిటల్ మిక్సర్లలో కలదు. అది తెలిసిన వానిని పిలిపించండి. పూలదండలకగు ఖర్చులో కొంత తగ్గించిన సరిపోవునేమో! సభకు ముందురోజు సాయంకాలము మాలో ఇద్దరము పరదా వెనుక కాగితము, కలము పట్టుకొని కూర్చుందుము. వేదికనుండి ఒకరు ఉర్దూలో పది, తెలుగులో పది మాటలు చదువవలెను. ఇరువదియు మేము తప్పులేకుండ వ్రాయగలిగినచో, ఆ గురువుగారి ఇంటికి వెళ్లి, మిగిలిన షేర్లు ఈ ఏడాది చదువుమని అడుగుదుము.