ఎవరి మూర వారిదైతే?



ఈ నెల మొదట మీచేత ఒక పని చేయిస్తాను. పొడుగాటి తాడొకటి తీసుకుని మీ మూరతో కొలవండి. అదే తాడును మీ నాన్నగారిని తన మూరతో కొలవమనండి. మీకు పది మూరలున్న తాడు ఆయనకు ఎనిమిదే కావచ్చు. తాడు మారలేదు, లెక్కలో ఎవరూ పొరబడలేదు. మారింది మూర!

మా కొల్లాపూరు బజారులో పూలు కొనేటప్పుడు జానెడు తేడా వస్తే కొంప మునగదు. కాని వ్యోమనౌక విషయంలో వస్తే? నిజంగానే వచ్చింది, వినండి.

1998 డిసెంబరు 11న అమెరికావారు ‘మార్స్ క్లైమేట్ ఆర్బిటర్’ అనే నౌకను అంగారక గ్రహానికి పంపారు. దారిలో దాని చిన్న ఇంజన్లు నౌకను ఎంతగా నెట్టిందీ ఒక బృందం పౌండ్ల లెక్కలో పంపేది. దారి లెక్కకట్టే రెండో బృందం అవి న్యూటన్లనుకున్నది. ఒక పౌండు బలమంటే దాదాపు నాలుగున్నర న్యూటన్లు! తేడా కొంచెం కొంచెంగా తొమ్మిది నెలలు పేరుకున్నది. 1999 సెప్టెంబరు 23న గ్రహానికి 226 కిలోమీటర్ల ఎత్తున పోవలసిన నౌక 57 కిలోమీటర్ల దాకా దిగిపోయింది. మళ్ళీ దాని జాడ లేదు.

ఇట్లా జరగకుండా ఏం చెయ్యాలి? అందరూ ఒకే పలక మీద లెక్కలు వెయ్యాలి. ఆ పలక కంప్యూటరులో ఉంటుంది. ఐరోపా అంతరిక్ష సంస్థ ఇందుకోసం 1998లో నెదర్లాండ్స్‌లో ప్రత్యేకంగా ఒక కేంద్రం పెట్టింది. ఇప్పుడు ఇంటర్నెట్టు ఉన్నది గనక, వేరువేరు ఊళ్ళవారు కూడా ఒకే పలకను ఒకేసారి చూడగలరు. కెమెరా తయారుచేసేవాడు రెండు కిలోల బరువు పెంచాడనుకోండి. దానికి విద్యుత్తు ఎక్కువ కావాలి. అందుకు సౌరఫలకాలు పెద్దవి కావాలి. నౌక బరువెక్కుతుంది, ఇంధనమూ పెరగాలి. ఒకడు మార్చిన అంకె అందరి అంకెలనూ కదిలిస్తుంది!

ఆ తరవాత నౌకచేత కంప్యూటరులోనే ఉత్తుత్తి ప్రయాణం చేయిస్తారు. అయితే కంప్యూటరుకు మనం చెప్పిందే తెలుసు. మన శ్రీహరికోటలో జరిగిందే చూడండి. 75 బడులకు చెందిన 750 మంది ఆడపిల్లలు కలిసి పనిచేసిన ‘ఆజాదీశాట్’ అనే ఉపగ్రహాన్ని తీసుకుని, 2022 ఆగస్టు 7న ఎస్.ఎస్.ఎల్.వి. అనే కొత్త రాకెట్టు లేచింది. రెండో అంచె విడిపోయేటప్పుడు, ముందు అనుకున్నదానికన్న ఎక్కువగా అదిరింది. ఆ అదురుకు, వేగంలోని మార్పును కొలిచే సాధనాలు చెడిపోయాయని రాకెట్టులోని కంప్యూటరు పొరబడి, వాటిని పక్కన పెట్టేసింది. కావలసిన వేగం అందలేదు. 356 కిలోమీటర్ల ఎత్తున గుండ్రంగా తిరగవలసిన ఉపగ్రహం, ఒకవైపు 76 కిలోమీటర్లకే దిగే దారిలో పడింది. అది దక్కలేదు.

పని అంతటితో ఆగిందా? లేదు. లోపం ఎక్కడున్నదో కనిపెట్టి సరిదిద్దారు. 2023 ఫిబ్రవరి 10న ‘ఆజాదీశాట్-2’ 450 కిలోమీటర్ల ఎత్తున కక్ష్యలో చేరింది.

మీరూ ప్రయత్నించవచ్చు. ‘ఓపెన్‌రాకెట్’ అనే ప్రోగ్రాము ఉచితంగా దొరుకుతుంది. పెద్దలనడిగి బడి కంప్యూటరులో పెట్టించుకోండి. నలుగురు కలిసి, ఒకరు ముక్కు, ఒకరు రెక్కలు, ఒకరు ఇంజను, ఒకరు బరువు చూసుకోండి. మీ చిన్న రాకెట్టు ఎంత ఎత్తు పోతుందో అది లెక్కకట్టి చెబుతుంది. కంప్యూటరు లేనివారికి తాడూ మూరా చాలు. ఇద్దరూ ఒకే కర్రతో కొలిచి చూడండి, లెక్క కలుస్తుంది.

నేను హెడ్మాస్టరుగా ఉన్నప్పుడు, ఎవరైనా జవాబు కింద ‘పన్నెండు’ అని మాత్రం వ్రాస్తే, “పన్నెండేమిట్రా, మామిడిపళ్ళా?” అని అడిగేవాణ్ణి. తరగతి అంతా నవ్వేది. ఎందుకు అడిగేవాణ్ణో ఇప్పుడు తెలిసింది గదా!