మాన్యం పోయింది... పేరు మిగిలింది!

మీ ఊళ్లో పొలాల పేర్లు ఎప్పుడైనా అడిగి చూశారా? రాయలసీమ పల్లెల్లో పెద్దవాళ్లు సర్వే నంబర్లు చెప్పరు. 'పూజారి మాన్యం పక్క చేను', 'నీరుగంటి మాన్యం కింది మడి' అంటారు. వెళ్లి చూస్తే ఆ మాన్యంలో పూజారీ ఉండడు, నీరుగంటీ ఉండడు. పాత సేద్యానికి ఆ పేరే ఆనవాలు.

ఇంగ్లండ్‌లోనూ ఇలాంటి గుర్తులున్నాయి. మధ్యయుగాల్లో అక్కడ ఊరంతటికీ కంచెల్లేని పెద్ద పొలాలుండేవి. ఒక్కో కుటుంబానికి వాటిలో అక్కడో చీలిక, ఇక్కడో చీలిక. ఆనాటి నాగళ్లు లేపిన మిట్టపల్లాలు పచ్చిక బయళ్లలో నేటికీ కనిపిస్తాయి. నాటింగ్‌హామ్‌షైర్‌లోని లాక్స్‌టన్‌లోనైతే ఆ పద్ధతి ఇంకా నడుస్తోంది.

వాళ్లు నేల పంచుకుంటే మనవాళ్లు నీళ్లు పంచుకున్నారు. అనంతపురంలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అందుకే చెరువులు. 14వ శతాబ్దంలో మొదటి బుక్కరాయల మంత్రి చిక్క ఒడెయరు కట్టించిన అనంతసాగరమే అనంతపురానికి పేరిచ్చిందంటారు. పక్కనే బుక్కరాయసముద్రం. పోరుమామిళ్ల చెరువుకు రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లతో రెండేళ్లు పట్టిందని 1369 నాటి శాసనం చెబుతోంది.

కట్టడం ఒక ఎత్తు, కాపాడటం ఒక ఎత్తు. అందుకే దశబంధం పెట్టారు. చెరువు తవ్వించినవారికీ, మరమ్మతులు చేసేవారికీ ఇచ్చే ఇనాం అది. తూము ఎప్పుడు తీయాలో, ఏ మడికి ఎంతసేపు పారాలో చూసే నీరుగంటికి మాన్యం, కళ్లంలో నాలుగు గింజలు.

1800లో ఈ సీమ ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చింది. 1807 దాకా కలెక్టరుగా ఉన్న మన్రో పొలం పొలం కొలిపించి, రైతు రైతుకూ శిస్తు కట్టాడు. 1956 చట్టంతో ఇనాములు రద్దయి రైతువారీ పట్టాలయ్యాయి. భూమికి హక్కు దొరికింది, మంచిదే. మరి ఆ భూమితో ముడిపడ్డ పని ఎవరిది? 1997 చట్టం నీటి సంఘాలను తెచ్చింది. కానీ సంఘంలో అందరి పని అంటే ఎవరి పనీ కాకుండా పోయే ప్రమాదమూ ఉంది!

బుక్కరాయసముద్రం కట్ట తెగబోతే ముసలమ్మ అనే ఇల్లాలు ప్రాణమిచ్చి ఊరిని కాపాడిందని కథ. కట్టమంచి రామలింగారెడ్డి దాన్ని కావ్యంగా రాశారు. ఇప్పుడు ప్రాణాలివ్వక్కర్లేదు. వానలకు ముందే కట్టమీద కంప కొట్టి, తూము సరిచూసే మనిషి ఒకరుంటే చాలు.

ఈసారి ఊరెళితే మాన్యం ఎవరిదని కాదు, ఏ పనికి ఇచ్చారని అడగండి. ఆ పని ఇప్పుడెవరు చేస్తున్నారో కూడా!