టీడీఎస్ కోశారు సరే, ఆ డబ్బు మీ పేరున జమైందా? రిటర్న్ వేసే ముందు చూసుకోవాల్సినవి

ఏడాదంతా రెండు మూడు చోట్ల క్లాసులు చెబితే వచ్చిన ఫీజు 4 లక్షల 80 వేల రూపాయలు. చేతికి అందింది 4 లక్షల 32 వేలే. మిగతా 48 వేలు టీడీఎస్ కింద కోశారు. "నాకు పన్ను పడేంత ఆదాయం లేదు కదా, రిటర్న్ ఎందుకు?" అనుకుని ఊరుకుంటే ఆ 48 వేలు తిరిగి రావు. అంటే ఒక నెల సంపాదన కంటే ఎక్కువే వదులుకున్నట్టు.

ఇది లెక్క కోసం తీసుకున్న ఉదాహరణ. అయితే ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్, తార్నాక, హబ్సిగూడ ప్రాంతాల్లో ఈ లెక్క చాలామందికి తగులుతుంది. ఉదయం కాలేజీలో, సాయంత్రం కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పే పార్ట్‌టైమ్ లెక్చరర్లు, క్యాంపస్‌లోనూ, పక్కనే ఉన్న ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌ఐఎన్‌ లాంటి సంస్థల్లోనూ పనిచేసే రీసెర్చ్ స్కాలర్లు, ఇక్కడే స్థిరపడిన పెన్షనర్లు... ఎవరి టీడీఎస్ కథ వారిది. 2024-25 ఆర్థిక సంవత్సరానికి రిటర్న్ గడువు 2025లో జులై 31 నుంచి మొదట సెప్టెంబర్ 15కు మారింది.

టీడీఎస్ కోస్తే పన్ను కట్టినట్టేనా?

సగమే నిజం. మీకు డబ్బిచ్చే సంస్థ అందులో కొంత కోసి, మీ పాన్ నంబర్ మీద ప్రభుత్వానికి కట్టాలి. ఆ తర్వాత ఎవరి దగ్గర ఎంత కోసిందో మూడు నెలలకోసారి టీడీఎస్ స్టేట్‌మెంట్ వేయాలి. ఈ రెండూ జరిగితేనే ఆ మొత్తం మీ ఖాతాలో కనిపిస్తుంది. దాన్నే టీడీఎస్ క్రెడిట్ అంటారు. రిటర్న్‌లో ముందు మీ ఆదాయం మీద పన్ను ఎంతో లెక్కేస్తారు, తర్వాత ఈ క్రెడిట్‌ను తీసేస్తారు. పన్ను కంటే క్రెడిట్ ఎక్కువైతే మిగిలింది రీఫండ్.

పై ఉదాహరణలో 2024-25 నాటి కొత్త విధానం ప్రకారం 3 లక్షలు దాటిన 1 లక్షా 80 వేల మీద 5 శాతం, అంటే 9 వేలు పన్ను. మొత్తం ఆదాయం 7 లక్షల లోపే కాబట్టి సెక్షన్ 87ఏ రిబేట్‌తో అది సున్నా అవుతుంది. కోసిన 48 వేలూ వెనక్కి రావాలి. రావాలంటే మూడు కలవాలి: పాన్, ఆదాయం, సంవత్సరం.

ముందు 26ఏఎస్, తర్వాతే రిటర్న్

ఆదాయపు పన్ను శాఖ ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో లాగిన్ అయి, ఈ-ఫైల్ మెనూలో ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్స్ కింద ఫారం 26ఏఎస్ తెరవండి. ఏ సంస్థ, ఏ తేదీన, ఎంత చెల్లించి, ఎంత కోసిందో వరుసగా ఉంటుంది. ప్రతి ఎంట్రీ పక్కన ఒక అక్షరం కనిపిస్తుంది. 'ఎఫ్' ఉంటే ఫైనల్, అంటే స్టేట్‌మెంట్‌లో చెప్పినది, కట్టినది సరిపోయాయని. 'యూ' ఉంటే సరిపోలలేదని: ఆ సంస్థ డబ్బు కట్టలేదు, లేదా వివరాలు తప్పుగా ఇచ్చింది. అలాంటి ఎంట్రీ మీద రీఫండ్ లెక్క వేసుకోవద్దు.

తర్వాత ఏఐఎస్ కూడా చూడండి. టీడీఎస్ కోయని సేవింగ్స్ వడ్డీ, డివిడెండ్, షేర్ల అమ్మకాలు లాంటివి అందులో ఉంటాయి. క్రెడిట్ క్లెయిమ్ చేసి, దానికి సంబంధించిన ఆదాయం చూపించకపోతే నోటీసు రావడానికి అదొక్కటి చాలు.

వచ్చింది జీతమా, ఫీజా?

పార్ట్‌టైమ్ వాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. సంస్థ మిమ్మల్ని ఉద్యోగిగా చూస్తే సెక్షన్ 192 కింద పన్ను కోసి ఫారం 16 ఇస్తుంది. వృత్తి ఫీజుగా చూస్తే సెక్షన్ 194జే కింద 10 శాతం కోసి ఫారం 16ఏ ఇస్తుంది. ఫారం 26ఏఎస్‌లో సెక్షన్ నంబర్ కనిపిస్తుంది.

194జే కింద కోసిన ఫీజును జీతంగా చూపించి, 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ తీసుకుని, సులువుగా ఉందని ఐటీఆర్-1 వేసేవాళ్లు ఉన్నారు. శాఖ దగ్గరున్న వివరాలతో అది పొసగదు. ఫీజు వృత్తి ఆదాయం కిందికి వస్తుంది. దానికి ఐటీఆర్-3 వేయాలి. పుస్తకాలు, ప్రయాణం లాంటి వృత్తి ఖర్చులకు బిల్లులుంటే వాటిని తీసేసుకోవచ్చు. డాక్టర్లు, లాయర్లలా సగం ఆదాయమే చూపిస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే ఆగండి. ఆ సౌకర్యం ఇచ్చే 44ఏడీఏ సెక్షన్‌కు వర్తించే వృత్తుల జాబితాలో బోధన లేదు.

మార్చి బిల్లు ఏప్రిల్‌లో వస్తే?

సంస్థ మార్చిలోనే లెక్కల్లో రాసి టీడీఎస్ కోస్తుంది. డబ్బు మీ ఖాతాలో ఏప్రిల్‌లోనో మే నెలలోనో పడుతుంది. డబ్బు అందిన ఏడాదే ఆదాయం చూపించే పద్ధతి మీదైతే, నిబంధన ప్రకారం ఆ టీడీఎస్ క్రెడిట్ కూడా ఆదాయంతో పాటే వచ్చే ఏడాదికి వెళ్లాలి. ఐటీఆర్-3 టీడీఎస్ షెడ్యూల్‌లో అలా ముందుకు తీసుకెళ్లడానికి కాలమ్ ఉంది. ఆదాయం వచ్చే ఏడాది, క్రెడిట్ ఈ ఏడాది అంటే కుదరదు.

కోశారు, కానీ కట్టలేదు. అప్పుడెలా?

అదే లెక్చరర్‌కు ఒక సెంటర్ 80 వేల ఫీజులో 8 వేలు కోసి, ప్రభుత్వానికి కట్టలేదనుకుందాం. ఫారం 26ఏఎస్‌లో 40 వేలే కనిపిస్తాయి. ఇక్కడ చట్టం రెండు మాటలు చెబుతుంది. కోసినంత మేరకు ఆ పన్నును మళ్లీ మీ దగ్గర వసూలు చేయకూడదని సెక్షన్ 205 చెబుతుంది. అలాంటి బకాయిల కోసం పన్ను చెల్లింపుదారులను ఒత్తిడి చేయొద్దని 2015 జూన్‌లో ప్రత్యక్ష పన్నుల బోర్డు కూడా అధికారులకు చెప్పింది. కానీ క్రెడిట్ ఇవ్వాలంటే కోసిన డబ్బు ప్రభుత్వానికి చేరి ఉండాలని సెక్షన్ 199 అంటుంది. అందువల్ల 205 మీకు డిమాండ్ నుంచి రక్షణ ఇస్తుంది, రీఫండ్‌కు హామీ మాత్రం ఇవ్వదు. పన్నే పడని చిన్న ఆదాయం వారికి దెబ్బ తగిలేది ఇక్కడే.

అందుకే ఆ 80 వేలూ ఆదాయంలో చూపించండి. దాచిపెడితే మీ వాదనే బలహీనపడుతుంది. సెంటర్‌కు నోటిమాటగా కాకుండా మెయిల్‌లో రాయండి. ఫీజు స్లిప్పు, కోత పోగా డబ్బు పడినట్టు చూపే బ్యాంక్ స్టేట్‌మెంట్ దాచుకోండి. స్టేట్‌మెంట్ ఆలస్యమైతే సంస్థకు రోజుకు 200 రూపాయల ఫీజు పడుతుంది. కోసిన పన్ను కట్టకపోతే ప్రాసిక్యూషన్ దాకా వెళ్తుంది. ఈ సంగతి గుర్తుచేస్తే చాలాసార్లు పని కదులుతుంది. మీ పాన్ తప్పుగా పడినా సరిచేయాల్సింది సంస్థే. మీరు పోర్టల్‌లో మార్చలేరు. సంస్థ సరిదిద్దాక, అప్పటికే మీ రిటర్న్ ప్రాసెస్ అయి ఉంటే పోర్టల్‌లో రెక్టిఫికేషన్ కోరవచ్చు.

పెన్షనర్లు, స్కాలర్ల సంగతి?

2024-25లో 60 ఏళ్లు దాటినవారికి ఒక బ్యాంకులో వడ్డీ 50 వేలు మించితే 10 శాతం టీడీఎస్ కోశారు. రిటర్న్‌లో చూపాల్సింది ఖాతాలో పడిన వడ్డీ కాదు, కోతకు ముందున్న పూర్తి వడ్డీ. జాయింట్ డిపాజిట్ అయితే సాధారణంగా మొదటి పేరున్నవారి పాన్ మీదే క్రెడిట్ పడుతుంది. డబ్బు భార్యది, మొదటి పేరు భర్తది అయితే బ్యాంకుకు డిక్లరేషన్ ఇచ్చి మార్పించుకోవాలి. పాన్ ఆధార్‌తో లింక్ కాకపోతే కోత 20 శాతం, పైగా రీఫండ్ ఆగిపోతుంది.

చదువు ఖర్చుల కోసం ఇచ్చే స్కాలర్‌షిప్‌కు సెక్షన్ 10(16) కింద పన్ను మినహాయింపు ఉంది. 2023 జనవరి నుంచి నెలకు 37 వేలుగా ఉన్న జేఆర్‌ఎఫ్‌ను సాధారణంగా దీని కిందే చూస్తారు. దాన్ని మినహాయింపు ఆదాయం షెడ్యూల్‌లో రాయాలి. పక్కన ట్యూషన్ చెబితే వచ్చే ఫీజుకు మాత్రం ఈ మినహాయింపు లేదు.

12 లక్షల వరకు పన్ను లేదుగా?

అది 2024-25 రిటర్న్‌కు కాదు. 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో ప్రకటించిన ఆ రిబేట్ 2025 ఏప్రిల్ 1 తర్వాతి ఆదాయానికి. 2024-25 రిటర్న్‌కు కొత్త విధానంలో పరిమితి 7 లక్షలే.

"రీఫండ్ పెంచి ఇప్పిస్తాం" అంటే?

కట్టని విరాళాలు, లేని ఇంటద్దె చూపించి కమీషన్ తీసుకునేవాళ్లున్నారు. 2025 జులై 14న ఆదాయపు పన్ను శాఖ దేశవ్యాప్తంగా 150 చోట్ల తనిఖీలు చేసింది. అంతకుముందు 4 నెలల్లో దాదాపు 40 వేల మంది రిటర్నులు సవరించుకుని 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారని తెలిపింది. ఇలాంటి ఏజెంట్లు తాత్కాలిక మెయిల్ ఐడీలతో రిటర్నులు వేసి వదిలేయడంతో నోటీసులు ఎవరూ చదవలేదని కూడా శాఖ చెప్పింది. తప్పుడు వివరాలు ఇచ్చినట్టు తేలితే ఎగ్గొట్టిన పన్నుకు 200 శాతం జరిమానా. అది ఏజెంటుకు కాదు, మీకు. ఎవరితో వేయించినా ఫోన్, మెయిల్ మీవే ఉండాలి.

గడువు దాటితే?

2024-25కు 2025 డిసెంబర్ 31 వరకు ఆలస్య రిటర్న్ వేసి రీఫండ్ అడిగే వీలుండేది. ఆదాయం 5 లక్షల లోపైతే 1,000, మించితే 5,000 రూపాయల వరకు ఆలస్య రుసుము. ఆ తర్వాత వేసే అప్‌డేటెడ్ రిటర్న్‌లో రీఫండ్ అడగడానికి వీల్లేదు. పాత ఏళ్ల టీడీఎస్ వదిలేసినవారికి ఒక దారి ఉంది. ఆలస్యాన్ని మన్నించాలని తగిన కారణం చూపి సెక్షన్ 119 కింద దరఖాస్తు చేయొచ్చు. 2024 అక్టోబర్ నాటి సర్క్యులర్ ప్రకారం అసెస్‌మెంట్ ఇయర్ ముగిసిన 5 ఏళ్లలోపు అడగాలి. అనుమతి ఇవ్వడం అధికారి విచక్షణ.

రిటర్న్ వేశాక 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతో వెరిఫై చేయాలి. బ్యాంకు ఖాతాను పోర్టల్‌లో ముందే వాలిడేట్ చేసుకోండి. ఈ రెండింటిలో ఏది మరిచినా, లెక్క అంతా సరిగ్గా ఉన్నా రీఫండ్ రాదు.