నారు నాటకముందే పరీక్ష జరుగవలెను

దమ్మపేట, అశ్వారావుపేట ప్రాంతముల ఆయిల్ పామ్ రైతు మూడు నాలుగేండ్లు నీరు, ఎరువు పెట్టిన పిమ్మటగాని మొదటి గెల కోయడు. తాను నాటినది మంచి మొక్కయో కాదో ఆ గెల చూచిననాడుగాని తెలియదు. ఎకరమునకు పట్టునవి 57 చెట్లే. చెట్టు పాతికేండ్లకు పైగా నిలుచునది. కనుక ఒక్కటి తప్పినను నష్టము చిన్నది కాదు.

పెంకు మందమైనది డ్యూరా. పెంకు లేనిది పిసిఫెరా. దాని గెలలు చాలవరకు పండకయే పోవును. ఈ రెంటిని కలుపగా వచ్చు పలుచని పెంకు టెనెరాయే మనకు కావలసినది. డ్యూరా కంటె దానియందు నూనె నూటికి సుమారు 30 వంతులు అధికము. పెంకును నిర్ణయించు జన్యువును మలేషియా, అమెరికా శాస్త్రజ్ఞులు 2013లో గుర్తించిరి.

"అయ్యా, జన్యువును దీపమువలె వెలిగించి చూపు విద్య వచ్చినదట గదా! దానితో మా నారు చూడరాదా?" అని ఒక రైతు నన్నడిగెను. ప్రశ్న మంచిదే. వెలుగునిచ్చు రంగు తగిలించిన డి.ఎన్.ఎ. తునకను తయారుచేయుదురు. వేరు ముక్కను నలుపక మందులలో నిలువచేసి, కణముల గోడలను మెత్తబరచి, వేడిచేసి డి.ఎన్.ఎ. పోగులను విడదీయుదురు. లోనికి పంపిన తునక తన జోడును వెదకి అతుకుకొనును. 32 క్రోమోజోములలో ఆ చోటు సూక్ష్మదర్శినిలో చుక్కగా మెరయును.

కాని డ్యూరాలోను, టెనెరాలోను ఆ జన్యువుండు చోటు ఒక్కటే. తేడా సాధారణముగా దానిలోని ఒక్క అక్షరమున ఉన్నది. చుక్క రెంటను ఒకే తీరున మెరయును. ఆ అక్షరము చదువుటకు ఆకు ముక్కనుండి డి.ఎన్.ఎ. తీసి చేయు పరీక్ష చాలును. మొక్కకు హాని లేదు; నర్సరీలో ఏడాది వ్యవధియు కలదు.

కావున నారు అమ్మువారే ప్రతి విడతలోని మొక్కలను పరీక్షించి, ఫలితమును చీటీపై వ్రాసి ఇయ్యవలెనని నా అభిప్రాయము. ఖర్చగునందురు. ఆ ఖర్చు ఒక్కసారిది. చెడ్డ చెట్టు నష్టము పాతికేండ్లది. దానిని రైతు నెత్తిన వేయుట న్యాయము కాదు.

రైతు సోదరులును రసీదు దాచి, ఏ విడత మొక్క ఏ వరుసలో నాటిరో వ్రాసి ఉంచుకొనవలెను. గెల కట్టని ప్రతి చెట్టును నారు దోషమనరాదు. నీటి ఎద్దడివలనను మగపూలు ఎక్కువగును. ఆకు పరీక్షయే ఆ తగవును తీర్చగలదు. నారు తెచ్చుకొనునపుడు పరీక్ష జరిగినదా అని అడుగుడు. అడుగువారు పదిమంది అయిననాడు ఇచ్చువారును సిద్ధపడుదురు.